జీతం 12 లక్షల లోపే, అయినా పన్ను పడింది: సిరొంచ నుంచి మిర్చి లెక్కతో రిటర్న్

2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదని విని, మా సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) వైపు ఉద్యోగం, సేద్యం రెండూ ఉన్నవాళ్లు ఆ సంగతే వదిలేశారు. పంట మీద పన్ను లేని మాట నిజమే. కానీ నికర వ్యవసాయ ఆదాయం 5,000, మిగతా ఆదాయం 4 లక్షలు దాటితే రేటు తేల్చడానికి రెండూ కలుపుతారు.

నా లెక్క గుండ్రంగా చెప్తాను. జీతం 11.75 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 11 లక్షలు. మిర్చి మీద ఖర్చులు పోను 6 లక్షలు. మొత్తం 17 లక్షలకు స్లాబుల ప్రకారం పన్ను 1,40,000. పంట 6 లక్షలకు, పన్ను పడని మొదటి స్లాబు 4 లక్షలు కలిపితే 10 లక్షలు, దాని మీద పన్ను 40,000. ఇది అందులోంచి తీసేస్తే లక్ష మిగిలింది. 12 లక్షల లోపు వాళ్లకు సెక్షన్ 87ఏ కింద పన్నులో ఇచ్చే తగ్గింపు (రిబేటు) 60,000కు మించదు. మిగతా 40,000కు 4 శాతం సెస్సు కలిపి 41,600 కట్టాను. మిర్చి లేకుంటే సున్నా.

ఆఫీసు ఇచ్చే ఫారం 16లో ఇదేమీ కనపడదు, పంట సంగతి ఆఫీసుకు తెలియదు కదా. కట్టాల్సింది 10,000 లేదా ఆపైన ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 15కల్లా పూర్తి చేయాలి, లేకుంటే వడ్డీ.

రిటర్న్‌కు ఐటీఆర్-1 ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 తీయాలి. అందులో షెడ్యూల్ ఈఐ (పన్ను లేని ఆదాయాల పట్టిక)లో రాబడి, ఖర్చు వేర్వేరు గడులు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ తక్‌పట్టీ (అమ్మకం చీటీ)లో పైన ఉన్న మొత్తమే రాబడి; కమీషన్, హమాలీ ఖర్చు. చేతికొచ్చిన కింది అంకెను రాబడిగా వేసి మళ్లీ కమీషన్ చూపితే ఖర్చు రెండుసార్లు తీసినట్టే. మిర్చి ఏరిన కూలికి రసీదు ఎవరిస్తారు? తేదీ, ఎంతమంది, ఎంత కూలి అని నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టించుకోవడమే దారి.

నికరం 5 లక్షలు దాటితే ఇంకో పట్టిక నింపాలి: భూమి ఏ జిల్లా, పిన్‌కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతా వర్షాధారమా. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సాత్‌బారా (7/12 భూమి రికార్డు)లో విస్తీర్ణం హెక్టార్-ఆర్‌లలో (ఆర్ అంటే హెక్టారులో నూరో వంతు) ఉంటుంది. 2.02 అని ఉంటే 2.47తో గుణించి 5 ఎకరాలని వేయాలి. ఉన్నదున్నట్టు 2.02 ఎకరాలని దింపితే అంత కొంచెం భూమిలో అంత మిర్చి ఎలా పండిందని అడగరా! జిరాయత్ అంటే వర్షాధారం, బాగాయత్ అంటే నీటి వసతి. రికార్డులో జిరాయత్ ఉండి బోరు కింద మిర్చి వేసినవాళ్లు పంట నమోదు యాప్ ఇ-పీక్ పాహణీలో పంటను ఫోటోతో నమోదు చేసి ఉంచుకోవడం మంచిది.

ట్రాక్టర్ కిరాయి, పాల డబ్బు పంట రాబడి గడిలో వేయకూడదు. అవి వ్యాపార ఆదాయం, అప్పుడు ఐటీఆర్-3 వేయాలి. పైగా జీతంతో కలిసి 12 లక్షల గీత దాటితే ఆ 60,000 రిబేటు కూడా అలాగే దక్కకపోవచ్చు.