చెమట చుక్కల బొమ్మ

నిన్న రాత్రి అమెరికా బొమ్మల కథల సంస్థ ఈసీ కామిక్స్ పునర్ముద్రణ సంపుటంలో ‘జడ్జిమెంట్ డే’ కథ చదివి, చివరి బొమ్మ దగ్గర చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. మరమనుషుల గ్రహాన్ని పరిశీలించడానికి భూమి నుంచి వచ్చిన ప్రతినిధి, అక్కడి నారింజ రంగు వారు అచ్చం తమలాగే తయారైన నీలం రంగు వారిని తక్కువగా చూస్తున్నారని గ్రహించి, మీరింకా మా గణతంత్రంలో చేరడానికి సిద్ధంగా లేరని చెప్పి వెళ్లిపోతాడు. కథంతా ముఖం కనిపించని ఆ మనిషి నౌకలో హెల్మెట్ తీస్తాడు. అతడు నల్లజాతి వాడు. నుదుటి మీది చెమట చుక్కలు దూరపు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

ఆల్ ఫెల్డ్‌స్టీన్ రాయగా జో ఓర్లాండో బొమ్మలు గీసిన ఈ కథ మొదట 1953లో వచ్చింది. మరుసటి ఏడాది కామిక్స్ మీద అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ, ఆ వెంటనే ప్రచురణకర్తలే తమకు తాము విధించుకున్న కామిక్స్ కోడ్ అనే నియమావళి వచ్చాయి. శీర్షికల్లో ‘హారర్’, ‘టెర్రర్’ అనే మాటలు కూడా పనికిరావన్నారు. ఈసీ అధిపతి విలియం గెయిన్స్ తన భయానక కథల పత్రికలన్నీ ఆపేశాడు.

నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ తర్వాతి సంగతి. 1956లో ఇదే కథను తిరిగి వేయబోతే, వ్యోమగామి నల్లవాడు కాకూడదని కోడ్ అధికారి పట్టుబట్టాడు. అతడి నలుపే కదా ఆ కథకు ప్రాణం! గెయిన్స్, ఫెల్డ్‌స్టీన్ ససేమిరా ఒప్పుకోలేదు. కథ ఒక్క గీత మారకుండా అచ్చయింది. అది అచ్చయిన సంచికే ఈసీ వెలువరించిన చివరి కామిక్ పుస్తకం.