మా అమ్మాయి మెడ ఆపరేషన్: ముందూ వెనకా

మా అమ్మాయికి 20 రోజుల వయసులో, నలుగు పెట్టి నీళ్లు పోస్తున్న మా అత్తగారి చేతికి కుడివైపు మెడలో గోలీకాయంత గట్టి గడ్డ తగిలింది. కొన్ని నెలల్లో గడ్డ కరిగిపోయింది గానీ, తల కుడి భుజం మీదికి వాలడం, గడ్డం ఎడమవైపు తిరిగి ఉండడం మిగిలిపోయాయి. చెవి వెనక నుంచి కాలర్ ఎముక, రొమ్ము ఎముకల దాకా దిగే కండరం ఒకవైపు పొట్టిగా బిగుసుకుపోవడమే ఇందుకు కారణమని, దీనిని టార్టికాలిస్ అంటారని పిల్లల ఎముకల డాక్టరు చెప్పారు. కంటి కండరాల లోపం వల్లా, మెడ పూసల లోపం వల్లా కూడా తల ఇలాగే వాలుతుంది కనుక, ఆ రెండూ కావని తేల్చుకుని, తుంటి కీళ్లు కూడా పరీక్షించాకే ఆయన ఫిజియోథెరపీ రాశారు.

తొలి నెలల్లోనే శ్రద్ధగా సాగదీయిస్తే చాలామంది పిల్లలకు ఏడాదిలోపే మెడ సర్దుకుంటుంది. మేము మాత్రం “నడక వస్తే అదే సర్దుకుంటుంది” అన్న పెద్దల మాట మీద ఆరు నెలలు పోగొట్టుకున్నాం. అన్నవారిని తప్పుపట్టను, వినాలనిపించిన మాట కనుకనే విన్నాను.

ఏడాది దాటినా మెడ పూర్తిగా తిరగకపోతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. బడి వయసుకు ముందే చేయిస్తే ముఖంలో రెండు వైపుల తేడా ఎదుగుదలతో చాలావరకు తగ్గుతుంది; బాగా ఆలస్యమైతే మెడ తిరిగినా ఆ తేడా మిగిలిపోవచ్చు. చెప్పినట్టు వ్యాయామం చేసే వయసు కూడా రావాలి కనుక మేము మూడేళ్లు నిండాక చేయించాం. మెడ ముడతలోనే చిన్న గాటు పెట్టి, కాలర్ ఎముక దగ్గర కండరాన్ని వదులు చేశారు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. కోసిన చోట మచ్చ గట్టిపడి మళ్లీ బిగుసుకోకుండా, కొన్ని వారాలు మెడకు కాలర్ పట్టీ, కొన్ని నెలలు రోజుకు మూడు నాలుగు సార్లు సాగదీత తప్పలేదు: తలను ఎడమ భుజం వైపు వంచడం, గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పడం. టీవీని కుడివైపు గోడకు మార్చాం, గోరుముద్దలు కుడిపక్క కూర్చునే పెట్టాను. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది అద్దం. తలను నిటారుగా నిలబెడితే “అమ్మా, పడిపోతున్నాను” అనేది. ఆ పిల్లకు అన్నాళ్లూ వాలుగా ఉండడమే నిటారు. అద్దం మీద నిలువుగా ఎర్ర రిబ్బను అతికించి, ముక్కును దానికి సరిపెట్టుకోవడం ఆటగా నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.