మా బావ ఐపీ, ముగ్గురు లాయర్లు, ముప్పై ఏడో పేరు

మా పల్నాడు వైపు ఒకణ్ణి తిట్టాలంటే పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, "ఐపీ పెట్టినోడు" అంటే చాలు. చిన్నప్పుడు నేను ఐపీ అంటే ఏదో జబ్బు అనుకునేవాణ్ణి, ఎందుకంటే ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అని, అంటే అప్పులు కట్టలేను, దివాలా తీశానని కోర్టులో వేసేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అది మా ఇంటికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా బావది పురుగుమందుల కొట్టు. ఆ వ్యాపారం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మందు అరువుకిస్తారు, మిరపకాయలు యార్డుకెళ్ళాక డబ్బులొస్తాయి. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చింది కదా, మిరప తోటలు పూత మీదే ఎండిపోయాయి, మా ఊళ్ళ చుట్టుపక్కల రైతులు చెట్లు పీకేసి పారేశారు. మరి వాళ్ళ దగ్గర బావకి ఎక్కడి నుంచి వస్తాయి డబ్బులు. ఖాతా పుస్తకంలో రావాల్సింది కొండంత ఉంది, చేతిలో మాత్రం ఏమీ లేదు. డిస్ట్రిబ్యూటర్లకి ముందే సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు, బ్యాంకులో ఇల్లు తనఖా పెట్టి వ్యాపారానికి తీసుకున్న సీసీ (క్యాష్ క్రెడిట్) లోను, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ప్రోనోట్లు, ఒక చీటీ, ఆ చీటీకి జామీను సంతకం పెట్టిన ఒక టీచరు గారు. అన్నీ కలిపి 62 లక్షలు. మా అక్క ఫోన్ చేసి "రేయ్ తమ్ముడూ, మీ బావ రెండు రోజుల నుంచి అన్నం తినట్లేదురా" అన్నప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను, ఆ సాయంత్రమే బస్సెక్కాను.

అందరూ చెప్పిన మాట ఒకటే, మంచి లాయర్‌ని పట్టుకోండి అని. మంచి లాయర్ అంటే ఎవరో, ఎలా తెలుస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మొదట ఊళ్ళో బాగా పేరున్న ప్లీడరు దగ్గరికి వెళ్ళాం. బయట బెంచీల మీద జనం, లోపల ఏసీ. బావ నోరు తెరవకముందే ఆయన "ఐపీయే కదా, నేను చూసుకుంటా" అన్నాడు. మొత్తం అప్పులో ఇంత పర్సెంటు, పని అయ్యాకే ఇవ్వండి అని ఫీజు చెప్పాడు. ఆ తర్వాత అసలు సలహా ఇచ్చాడు, మీ నాన్నగారి నుంచి వచ్చిన ఎకరంన్నర ముందు మీ అబ్బాయి పేరున గిఫ్ట్ రాయించెయ్యండి, తర్వాత ఐపీ నోటీసులు పంపిద్దాం, అప్పులోళ్ళు భయపడి రూపాయికి పావలాకి ఒప్పుకుంటారు అని. బావ ముఖం వెలిగిపోయింది, నిజం చెప్పాలంటే నాది కూడా. మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా తెప్పలాగే కనపడుతుంది.

బయటికొచ్చాక నాకెందుకో మనసొప్పలేదు. ఆ రాత్రి ఈకోర్ట్స్ సైట్ తెరిచి కూర్చున్నాను. చాలామందికి తెలీదు ఇది, అందులో జిల్లా, కోర్టు సెలెక్ట్ చేసుకుని అడ్వకేట్ పేరుతో వెతకొచ్చు, ఆయన వేసిన కేసులు, వాయిదాలు, ఏ కేసు ఎలా ముగిసిందో అన్నీ వస్తాయి, చాలా వాటికి ఆర్డర్ కాపీ కూడా చదువుకోవచ్చు, అదీ ఫ్రీగా. ఈయన వేసిన ఐపీ కేసులు బాగానే ఉన్నాయి. ఒక్కోటి తెరిచి చూస్తే డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్, మళ్ళీ డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్. అంటే పిటిషన్ వేసి, నంబరు రాగానే నోటీసులతో అప్పులోళ్ళని భయపెట్టి, తర్వాత వాయిదాలకి వెళ్ళకుండా వదిలేసినవన్నమాట. పావలా బేరం కుదిరిందో లేదో కంప్యూటర్‌లో ఉండదుగా, కానీ కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకున్నవాళ్ళు నాకు చాలా తక్కువ కనపడ్డారు.

ఆ పర్సెంటు ఫీజు గురించి కూడా తర్వాత తెలిసింది. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ప్రకారం కుదరదు. ప్రకటనలిచ్చి కేసులు పట్టడం కూడా కుదరదు. కాబట్టి ఫోన్‌కి "మీ అప్పులు సగానికి తగ్గిస్తాం" అని మెసేజ్ వస్తే అది పంపింది ఎవరైనా సరే, లాయర్‌లాగా మాత్రం నడుచుకోవట్లేదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు, అంటే బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా నమోదైన నంబరు, అడిగితే అసలు లాయర్ ఎవరూ ఏమీ అనుకోరు, అడగ్గానే కోపమొచ్చిందంటే మనం లేచి వచ్చెయ్యాలి.

రెండో ఆయన్ని నేనే పట్టుకొచ్చాను, నా తెలివితేటలు అవి. హైదరాబాద్‌లో ఇన్సాల్వెన్సీ స్పెషలిస్ట్ అని ఆఫీసులో ఒకతను చెప్తే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చాలా మర్యాదస్తుడు, మనిషి మీద కంప్లైంట్ ఏం లేదు. కానీ ఆయన పనంతా కంపెనీల దివాలా కేసులు, ఎన్‌సీఎల్‌టీ అనే కంపెనీల ట్రిబ్యునల్‌లో. ఐబీసీ అని 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా, అందులో మామూలు మనుషుల దివాలా గురించి కూడా ఒక భాగం రాశారు గానీ, 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ళ వరకే అమల్లోకి తెచ్చారు. మా బావలాంటి కొట్టు యజమానికి, రైతుకి, ఉద్యోగస్తుడికి ఇంకా పాత చట్టమే దిక్కు, బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్. చెన్నై, ముంబై, కోల్‌కతాల్లో అయితే ఇంకా పాతది, 1909 నాటిది. మన చట్టంలో ఎంత అప్పుంటే ఐపీ వెయ్యొచ్చో తెలుసా? 500 రూపాయలు! ఆ రోజుల్లో 500 అంటే పొలం వచ్చేదేమో, ఇప్పుడు మందు డబ్బా కూడా రాదు.

ఆ సార్ పాపం నిజాయితీగా చెప్పేశాడు, "ఇది నా కోర్టు కాదండీ, మీకు మీ ఊరి సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో రోజూ కనపడే సివిల్ లాయర్ కావాలి" అని. ఒక్క రూపాయి తీసుకోలేదు. ముగ్గురిలో మొదటి మంచి సలహా అదే.

అప్పుడు నేను మళ్ళీ ఈకోర్ట్స్‌కే వెళ్ళి ఈసారి తిరగేసి వెతికాను. పేరుతో కాకుండా ఐపీ అనే కేసు టైపుతో వెతికి, ఎలవ్డ్, అంటే కోర్టు ఒప్పుకుంది అని ఉన్న కేసులు తీసి వాటిలో పిటిషనర్ లాయర్ ఎవరా అని చూశాను. ఒక మేడమ్ పేరు పదే పదే వచ్చింది. కోర్టు ఎదురు సందులో చిన్న గది, చెక్క బీరువాలు, ఒక గుమస్తా. మేము కూర్చోగానే ఆవిడ ఫీజు చెప్పలేదు, ఐపీ వేద్దామని కూడా అన్లేదు. "రెండేళ్ళలో ఎవరికైనా ఏమైనా రాసిచ్చారా?" అని అడిగింది. బావ తల దించుకుని, ఇంకా లేదు మేడమ్, రాద్దామనుకుంటున్నాం అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "బతికిపోయారు" అంది.

తర్వాత గంటసేపు చెప్పింది. ఐపీ పిటిషన్‌కి ముందు రెండేళ్ళలోపు చేసిన గిఫ్ట్‌ని ఆ 1920 చట్టం సెక్షన్ 53 కింద రద్దు చెయ్యొచ్చు, పొలం రిసీవర్ (దివాలా ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) చేతికే వెళ్తుంది, పైగా ఆస్తి దాచాడని తేలితే సెక్షన్ 69 కింద ఏడాది వరకు జైలు. పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే ఎక్కువ మేలు జరగాలని కట్టినా అదీ చెల్లదు. మొదటి ప్లీడరు మాట విని ఉంటే పొలమూ పోయేది, బావ పేరు మీద దొంగ అన్న ముద్రా పడేది.

మేము విన్నదొకటి, ఉన్నదొకటి అని ఆవిడ దగ్గరే తెలిసింది. ఐపీ పెట్టగానే అప్పులోళ్ళు ఇంటికి రారు, కేసులన్నీ ఆగిపోతాయి అని ఊరంతా అనుకుంటారు కదా. పిటిషన్ వేసినంత మాత్రాన ఏదీ దానంతట అది ఆగదు. కోర్టు నిజంగా దివాలాదారుడని ఆర్డర్ ఇచ్చాకే ఆస్తి కోర్టుకో రిసీవర్‌కో వెళ్తుంది, అప్పట్నించే అప్పులవాళ్ళు కోర్టు పర్మిషన్ లేకుండా కొత్త దావా వెయ్యకూడదు. బ్యాంకు సంగతి వేరు, ఇల్లు తనఖాలో ఉంది కాబట్టి ఐపీ ఉన్నా లేకపోయినా వాళ్ళ హక్కు వాళ్ళది, బ్యాంకులు తనఖా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ముందుకెళ్తారు, అందుకని బ్యాంకుతో విడిగా వన్ టైమ్ సెటిల్‌మెంట్ మాట్లాడుకోండి అంది. చెక్కులు ఇంకా వేరు. బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు, నోటీసు అందాక 15 రోజుల్లో కట్టాలి, లేకపోతే రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు, ఐపీ దానికి అడ్డం రాదు. జామీను సంతకం పెట్టిన టీచరు గారికి కూడా బావ ఐపీ వల్ల విముక్తి లేదు, ఈ మాట విన్నప్పుడు బావకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మరి దేనికి మేడమ్ ఈ ఐపీ, అని అక్క అడిగింది, కాస్త కోపంగానే. దేనికంటే ప్రోనోట్ల వాళ్ళు డిక్రీ తెచ్చుకుని అరెస్టు దాకా వస్తే రక్షణ అడగడానికి, ఉన్నదేదో అందరికీ వాటా ప్రకారం పంచడానికి, చివరికి డిశ్చార్జ్, అంటే ఆ అప్పుల నుంచి కోర్టు విడుదల, తెచ్చుకుని మళ్ళీ మనిషిలా బతకడానికి అంది మేడమ్. జైలు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పింది, 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఉంది, నిజంగా కట్టలేని పేదవాణ్ణి కేవలం బాకీ ఉందని సివిల్ జైల్లో పెట్టడానికి వీల్లేదని. కట్టగలిగి ఎగ్గొట్టినోడి సంగతి వేరు. వంట గిన్నెలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు తియ్యకూడని నగలు జప్తు చెయ్యరని చెప్పగానే మా అక్క పుస్తెలతాడు పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. అన్నట్టు డిశ్చార్జ్ అయ్యేదాకా ఎమ్మెల్యేగా పోటీ చెయ్యడానికి లేదట, బావ ఆ ఒక్కచోట మాత్రం నవ్వాడు.

ఫీజు కూడా ఆవిడ కాగితం మీద రాసి ఇచ్చింది, పిటిషన్ తయారీకి ఇంత, వాయిదాలకి ఇంత, నోటీసుల పోస్టు ఖర్చు, పేపరు ప్రకటన ఖర్చు విడిగా మీదే అని. రసీదు అడక్కుండానే ఇచ్చింది. మాది ఎలాగో సర్దుకున్నాం గానీ అదీ లేనివాళ్ళు జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి వెళ్ళొచ్చు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఫ్రీగా ఇస్తారు. ఫ్రీ లాయర్ అంటే పనికిరాడని మనవాళ్ళకి ఒక అనుమానం, ఆ మాటకొస్తే డబ్బులు తీసుకునే మొదటాయన ఏం చేసేవాడో చూశాంగా.

ఇక లిస్టు సంగతి. పిటిషన్‌లో అప్పులవాళ్ళందరి పేర్లు, అడ్రసులు, ఎవరికెంత ఇవ్వాలి, మనకున్న ఆస్తి, రావాల్సిన బాకీలు అన్నీ రాయాలి, ఖాతా పుస్తకాలు కోర్టుకివ్వాలి. మూడు రోజులు కూర్చుని రాశాం. 36 పేర్లు వచ్చాయి. గుమస్తా టైపు చేసి తెచ్చాడు, మేడమ్ మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఇంకెవరైనా మర్చిపోయారా?" అంది. లేరు మేడమ్ అన్నాడు బావ. ఆవిడ కాగితాలు పక్కన పెట్టేసి టీ తెప్పించింది, ఆవిడ మా మీద నమ్మకం లేక అలా చేసిందో అలవాటో నాకు తెలీదు గానీ, టీ తాగుతూ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, ఈసారి అక్క వైపు చూసి.

అక్కే చెప్పింది. మా వీధి చివర ఉండే పిన్ని ఒకామె, భర్త పోయాక వచ్చిన డబ్బుల్లో 40 వేలు బావ చేతికిచ్చింది, నోటు లేదు, కాగితం లేదు. ఆవిడకి కోర్టు నోటీసు వెళ్తే గుండె ఆగిపోతుందని, ఎవరికీ తెలీకుండా ముందు ఆవిడకి కట్టేద్దామని బావ ఆలోచన. నాకైతే అందులో తప్పు కనపడలేదు, నిజంగా కనపడలేదు.

మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు. పేరు దాస్తే ఆవిడకి ఆ వాటా కూడా రాకుండా పోవచ్చు, విడిగా కట్టారని మిగతావాళ్ళకి తెలిస్తే మీరు నిజం చెప్పిన 36 పేర్లనీ ఎవరూ నమ్మరు, రాస్తేనే నేను సంతకం పెడతా, లేకపోతే ఫైలు తీసుకెళ్ళండి అంది. అప్పటిదాకా ఇచ్చిన ఫీజు వెనక్కి ఇవ్వడానికి సొరుగు కూడా లాగింది.

బావ ఆ సాయంత్రం పిన్ని వాళ్ళింటికి ఒక్కడే వెళ్ళాడు. నేను వీధి మొదట్లో బండి మీద కూర్చున్నాను. అరగంట తర్వాత వచ్చి, "తిట్టలేదురా, అన్నం తిన్నావా అని అడిగింది" అన్నాడు. పొద్దున్నే గుమస్తాకి ఫోన్ చేసి ముప్పై ఏడో పేరు, డోర్ నంబరుతో సహా, ఆయనే చెప్పాడు.

పిటిషన్‌కి నంబరు వచ్చింది. నోటీసులు వెళ్ళాయి, ఇద్దరు అప్పులవాళ్ళు అభ్యంతరం చెప్తూ కౌంటర్ వేశారు, వచ్చే వాయిదా సంక్రాంతి సెలవుల తర్వాత.