వెనిగర్‌ టైట్రేషన్‌కి మిథైల్ ఆరెంజ్ వద్దు
బలహీన ఆమ్లాన్ని బలమైన క్షారంతో టైట్రేట్ చేస్తే, అంటే గాఢత తెలిసిన క్షారాన్ని కొద్దికొద్దిగా పోసి ఆమ్లం ఎంతుందో కొలిస్తే, తుల్య బిందువు (ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయే చోటు) తటస్థమైన పీహెచ్ 7 దగ్గర ఉండదు. ఇది మరిచిపోతే బ్యూరెట్ (క్షారం వదిలే కొలత గీతల గొట్టం) కుళాయి ఎంత జాగ్రత్తగా తిప్పినా లెక్క తప్పుతుంది. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 25 మి.లీ.కి అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే ఆ బిందువు పీహెచ్ సుమారు 8.7. మిథైల్ ఆరెంజ్ అనే సూచిక (పీహెచ్‌ని బట్టి రంగు మారే పదార్థం) 3.1–4.4 మధ్యే రంగు మారుతుంది. దాదాపు 8 మి.లీ. పడేసరికే పూర్తిగా పసుపు! ఇంకా 17 మి.లీ. పడాల్సే ఉంటుంది.

ఇక్కడ ఆ 8.7 దగ్గర రంగు మారే సూచిక ఫినాల్ఫ్తలీనే సరైనది. రెండు చుక్కలు చాలు. అదీ బలహీన ఆమ్లమే కదా, ఎక్కువైతే కొంత క్షారాన్ని తినేస్తుంది. లేత గులాబీ 30 సెకన్లు నిలిస్తే ఆపేయండి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయినట్టే, ఆ రీడింగ్ వదిలేయండి. కాసేపటికి రంగు వెలిసిపోతే మళ్లీ క్షారం పోయొద్దు, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని.