నోటి మాంద్యము

ఇంట్లో అందరూ పడుకున్నారు. అత్తయ్య గది తలుపు కింద నుంచి కనిపించే వెలుగు కూడా పది నిమిషాల క్రితమే ఆరిపోయింది. నేను మాత్రం పొద్దున మా చర్చి మందిరం వరండాలో విన్న ఒక్క మాటను పదే పదే తలచుకుంటూ, పడుకున్నా నిద్ర రాదని తెలిసి ఇక్కడ కూర్చున్నాను.

ఆరాధన ముగిశాక అందరికీ టీ అందిస్తున్నప్పుడు మా స్త్రీల సమాజం పెద్దక్క నా భుజం మీద చెయ్యి వేసి, నలుగురికీ వినబడేటట్లు, "ఏమ్మా, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారైనా లేచి నిలబడి దేవుడు నీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పావా? పైకి నోరు విప్పి ప్రార్థన చేశావా? దేవుడు మనకు పిరికితనముగల ఆత్మ నియ్యలేదు. ఆ స్వభావం మార్చుకోవాలి" అన్నారు. పక్కనున్న వాళ్లలో ఇద్దరు నవ్వారు. మరొకరు "ఆమె అంతేలెండి, మెత్తని మనిషి" అని నా తరఫున సంజాయిషీ ఇచ్చారు. నిజానికి ఆ సంజాయిషీయే ఎక్కువ గుచ్చుకుంది. నేను ఏమీ అనలేదు. ఖాళీ గ్లాసులు పళ్లెంలో సర్దుకుని కుళాయి దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క గ్లాసు అడుగున అంటుకున్న పంచదారను వేలితో తుడుస్తూ, అవసరమైన దానికంటే చాలా ఎక్కువసేపు కడిగాను. సండేస్కూలులో ఎవరితోనూ పలకని ఆ చిన్నపాప వచ్చి, ఏమీ అడగకుండా నా పక్కన నిలబడి, కడిగిన గ్లాసులను ఒక్కొక్కటిగా బోర్లించింది. ఈ రోజుకు అదొక్కటే సంతోషం.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో బస్సెక్కినప్పటి నుంచి మర్రిపాలెంలో దిగేదాకా ఆ మాటకు సమాధానాలు వెతుక్కుంటూనే ఉన్నాను. ఆవిడ ఎత్తి చెప్పిన వచనం బైబిల్లో తిమోతికి పౌలు రాసిన రెండవ పత్రిక, మొదటి అధ్యాయం, ఏడవ వచనం. మూడు వచనాల ముందే పౌలు తిమోతి కన్నీళ్లను తలచుకుంటాడు, ఆ కన్నీళ్లను ఎక్కడా తప్పు పట్టడు. ఎనిమిదవ వచనంలో ప్రభువును గూర్చిన సాక్ష్యం విషయంలో సిగ్గుపడవద్దని, సువార్త కోసం తనతో కూడా శ్రమ అనుభవించమని చెబుతాడు. అంటే అక్కడ మాట్లాడుతున్నది శ్రమ వచ్చినప్పుడు వెనుదిరగని ధైర్యం గురించే గాని, నలుగురిలో గలగలా మాట్లాడలేని మనిషిని గురించి కాదు. పైగా అదే వచనంలో శక్తి, ప్రేమల పక్కన ఇంద్రియ నిగ్రహం కూడా ఉన్నది. ఆ మూడవదాన్ని వదిలేసి, వచనంలో సగం తీసి మనిషిని కొట్టడం నాకు ఎంత ఆలోచించినా న్యాయంగా తోచలేదు.

"నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అనే 139వ కీర్తనను మన వాళ్లు పసిబిడ్డ పుట్టిన ఇంట్లో తప్పకుండా చదువుతారు. బిడ్డ వేళ్లను, కనురెప్పలను చూసి దేవుని పని ఎంత ఆశ్చర్యమో అంటారు. ఆ బిడ్డ పెరిగి, కొత్తవాళ్లను చూసి తల్లి చీర కొంగులో మొహం దాచుకుంటే మాత్రం, అది దేవుడు చేసింది కాదన్నట్లు, ఎక్కడో జరిగిన పొరపాటన్నట్లు దిద్దడం మొదలుపెడతారు. మా పెద్దది ఉయ్యాలలో ఉన్నప్పుడే గదిలోకి ఎవరు వచ్చినా కేరింతలు కొట్టేది, చిన్నది కళ్లు విప్పి చాలాసేపు చూసి గాని నవ్వేది కాదు. ఇద్దరినీ ఒకే చేతులతో పెంచాను. ఎముకలను అమర్చిన దేవుడు ఆ రెండు మనసులను ఇంకెవరికైనా అప్పగించి ఉంటాడా?

బస్సు కిటికీలో నుంచి రాస్ హిల్ మీది మందిరం కనిపించినప్పుడు ఇంకొక సంగతి గుర్తుకు వచ్చింది. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ వచ్చి దిగింది ఈ ఊళ్లోనే. ఆనందరాయర్ అనే పండితుని సాయంతో ఇక్కడే వాళ్ల తెలుగు బైబిలు తర్జుమా మొదలయింది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ అచ్చు ప్రతిని చూడకుండానే ఆ మిషనరీలు ఇద్దరూ కన్నుమూశారు. మనం ఈ రోజు నిలబడి బిగ్గరగా పలికే వాక్యం మన భాషలోకి వచ్చింది బల్ల ముందు కూర్చుని, ఒక్కో మాటకు సరైన తెలుగు మాట వెతికిన గంటల వల్లనే కదా అని, ఎవరితోనో వాదిస్తున్నట్లు, నాలో నేనే అనుకున్నాను.

అలా వాదించుకుంటూ పోతే మనసు చివరికి హుద్‌హుద్ తుఫాను రోజు దగ్గర ఆగింది. అది 2014 అక్టోబరు 12, ఆదివారమే. మందిరానికి వెళ్లే వీలు లేక ఇంట్లోనే కీర్తనల పుస్తకం తెరిచాము గాని, గాలి హోరులో మా పాట మాకే వినిపించలేదు. మధ్యాహ్నానికి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి ఎదురింటి వాటర్ ట్యాంకు మూత ఎగిరి వచ్చి మా గోడకు తగిలింది. కింది వాటాలో మామ్మగారు ఒక్కరే ఉండేవారు. ముందు అత్తయ్య దిగి వెళ్లి, చెయ్యి పట్టుకుని గట్టిగా ప్రార్థన చేసి, ధైర్యం చెప్పి వచ్చారు. తరువాత నేను వెళ్లాను. నాకు చెప్పడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. బాల్కనీ తలుపు కింద నుంచి వర్షపు నీళ్లు గదిలోకి పాకుతూ వస్తున్నాయి. పాత తువ్వాలును తాడులా మెలిపెట్టి గడప వెంట పరిచి, అది తడిసి బరువెక్కగానే బకెట్‌లో పిండి, మళ్లీ పరిచి, మళ్లీ పిండుతూ కూర్చున్నాను. మామ్మగారు మంచం మీద నుంచి నా చేతులనే చూస్తూ ఉండిపోయారు. చీకటి పడ్డాక కరెంటు లేని ఆ గదిలో తువ్వాలు పిండిన చప్పుడు, బకెట్‌లో నీళ్లు పడిన చప్పుడు తప్ప మా ఇద్దరి మధ్య మరేమీ లేదు. మర్నాడు తెల్లవారి చూస్తే కొండల మీద పచ్చదనమన్నది లేదు. ఊరి చుట్టూ ఉన్న కొండలన్నీ కాలిపోయినట్లు ఎండు రంగులో నిలబడి ఉన్నాయి. అప్పుడు మామ్మగారు మా అత్తయ్యతో, "మీ కోడలు రాత్రంతా ఒక్క మాట కూడా అనలేదండీ, అందుకే నాకు కాస్త కునుకు పట్టింది" అన్నారు.

ఇంతవరకు రాసేసరికి నా వాదం గెలిచినట్లే అనిపించింది. పెద్దక్కకు జవాబుగా ఇంకొక వాక్యం కూడా సిద్ధంగా ఉంది. "నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను" అని, తన ప్రజలను విడిపించడానికి ఐగుప్తుకు పంపుతుంటే మోషే చెప్పినప్పుడు దేవుడు "మానవునకు నోరిచ్చినవాడు ఎవడు?" అని అడిగాడు. నిర్గమకాండము నాలుగవ అధ్యాయం. వచనం సంఖ్య సరిచూసుకుందామని బైబిలు తెరిచాను. కొంచెం కిందికి చదివితే, పద్నాలుగవ వచనంలో దేవుడు మోషే మీద కోపపడ్డాడు. ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు గాని, ఆ కోపం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. మోషే నాలుక మందమైనందుకు కాదు ఆ కోపం. ఆ నాలుకను చూపించి, ఇంకెవరినైనా పంపమన్నందుకు. ఆయన మోషే నాలుకను వేగంగా కదిలే నాలుకగా మార్చనూ లేదు, మోషేను ఇంటి దగ్గర ఉండనివ్వనూ లేదు. నీ నోటికి తోడుగా ఉంటానన్నాడు, అన్న అహరోనును పక్కన నిలబెట్టాడు, వెళ్లమన్నాడు.

గోపాలపట్నంలో ఉండే ఆ సహోదరి గుర్తుకు వచ్చింది. పోయిన నెల ఆమె భర్తను భూస్థాపన చేశాము. ఆదరణ కూడికలో వెనక వరుసలో కూర్చుని వచ్చేశాను. ఆ తరువాత ఆమె ఇంటి గడప తొక్కలేదు, ఒక్క ఫోనైనా చేయలేదు. మాటలు రాని మనిషిని, వెళ్లి ఏం చెబుతాను, దేవుడు నన్ను ఇలా చేశాడు, ఓదార్చడం వచ్చినవాళ్లు వెళతారులే అనుకున్నాను. మామ్మగారి దగ్గరికి కూడా నేను మాటలు పట్టుకుని వెళ్లలేదు కదా. మెట్లు దిగి వెళ్లాను, అంతే. గోపాలపట్నం మాకు కొద్ది బస్సు స్టాపుల దూరంలో ఉన్నదే, అక్కడికి వెళ్లకపోవడానికి కారణం దేవుడు నాకిచ్చిన స్వభావం కాదు. ఆ స్వభావం పేరు చెప్పి నేను తప్పుకున్నాను. పొద్దున నన్ను బాధపెట్టిన పెద్దక్క ఆ ఇంటికి ఈ నెలలో మూడుసార్లు వెళ్లి వచ్చారు. ఆ పెద్ద గొంతును ఇచ్చిన చేతులు కూడా నన్ను చేసిన దేవుని చేతులేనని నాకు ఈ రాత్రి దాకా తోచలేదు.

ఇంత రాసినా, నలుగురిలో అలా అనడం తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆ వచనానికి ఆవిడ చెప్పిన అర్థాన్ని ఒప్పుకోను. నా స్వభావం మార్చమని కూడా దేవుణ్ణి అడగను, చిన్నప్పుడు అడిగి అడిగి అలసిపోయాను. సాక్ష్యం ఎప్పటికైనా చెబుతానో లేదో గాని, అది వేరే సంగతి.

రేపు ఆఫీసు నుంచి బయటపడేసరికి ఐదున్నర అవుతుంది. నేరుగా గోపాలపట్నం వెళతాను. ఆ ఇల్లు ఏ వీధిలోనో నాకు సరిగా తెలియదు. తెలిసినవారు పెద్దక్క ఒక్కరే. ఉదయం ఏడింటికి ఆవిడకే ఫోన్ చేసి గుర్తులు అడగాలి. తోడు రమ్మని కూడా అడగాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.