రాత్రి బిల్డ్ ఆగకుండా గిట్ బ్యాకప్: నా అనుభవం

మా గిట్ సర్వర్ (కోడ్‌ని, అందులో చేసిన ప్రతి మార్పునూ దాచే చోటు) బ్యాకప్ పని నా చేతికి వచ్చేసరికి పద్ధతి ఒకటే. రాత్రి 1 గంటకు రిపోజిటరీల (ఒక్కో ప్రాజెక్ట్ కోడ్, దాని చరిత్ర) ఫోల్డర్ మొత్తాన్ని ఆర్‌సింక్ అనే ఫైల్ కాపీ టూల్ ఇంకో డిస్క్‌కి కాపీ చేసేది. నైట్లీ బిల్డ్ (రోజూ రాత్రి కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని) కూడా ఒంటిగంటన్నరకే మొదలయ్యేది. రెండూ ఒకేసారి డిస్క్ మీద పడటంతో బిల్డ్ క్లోన్ (సర్వర్ నుంచి కోడ్ కాపీ తెచ్చుకోవడం) దగ్గరే టైమౌట్ అయ్యేది. పొద్దున్నే టెస్టర్లు "కొత్త బిల్డ్ ఏదండీ?" అని అడిగేవాళ్లు.

బ్యాకప్‌ని 3 గంటలకు జరిపాను. బిల్డ్ గట్టెక్కింది, నా టెన్షన్ తగ్గింది. కానీ ఒకరోజు ఊరికే ఆ కాపీ మీద, రిపోజిటరీ సరిగ్గా ఉందో లేదో చెప్పే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ నడిపి చూస్తే గుండె జారిపోయింది. మెయిన్ బ్రాంచ్ (కోడ్ ప్రధాన శాఖ) చూపిస్తున్న కమిట్ (సేవ్ చేసిన మార్పు) ఆ కాపీలో లేనే లేదు!

లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే విషయం తెలిసింది. బిల్డ్ పూర్తవగానే వెర్షన్ నంబరు పెంచి ఆ మార్పుని తనే మెయిన్‌లోకి పుష్ చేస్తుంది, అంటే సర్వర్‌కి పంపుతుంది. ఆర్‌సింక్ ఫోల్డర్లను పేర్ల వరుసలో తీసుకుంటుంది: ముందు ఆబ్జెక్ట్స్ (కమిట్లు, ఫైళ్ల అసలు డేటా), ఆ తర్వాత రెఫ్స్ (ఏ బ్రాంచ్ ఏ కమిట్ దగ్గరుందో చూపించే గుర్తులు). ఆ రెండింటి మధ్యలో పుష్ వచ్చి పడింది. కొత్త కమిట్ కాపీలోకి రాలేదు, దాన్ని చూపించే రెఫ్ మాత్రం వచ్చేసింది. టైం ఎన్నిసార్లు మార్చినా ఈ ప్రమాదం పోదు.

అందుకే ఫైళ్ల కాపీ మానేసి, వేరే మెషీన్‌లో మిర్రర్ క్లోన్ (అన్ని బ్రాంచ్‌లూ ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకునే గిట్ కాపీ) పెట్టాను. 15 నిమిషాలకోసారి ఫెచ్ చేస్తుంది, అంటే సర్వర్ నుంచి మార్పులు తెచ్చుకుంటుంది. కొత్తగా వచ్చినవే లాగుతుంది కాబట్టి సర్వర్‌కి బరువు ఉండదు. రెఫ్‌కి కావలసిన ఆబ్జెక్ట్స్ అన్నీ గిట్టే చూసుకుని పంపుతుంది. అయితే ఎవరైనా పొరపాటున ఫోర్స్ పుష్ (పాత చరిత్రని తోసేసి పైన రాయడం) చేస్తే మిర్రర్ కూడా అలాగే మారిపోతుంది. అందుకని రోజూ ఆ మిర్రర్ నుంచే తేదీ పేరుతో ఒక బండిల్ (రిపోజిటరీ అంతా ఒకే ఫైల్‌గా) తీస్తున్నాను. బిల్డ్ వాడే డిస్క్ జోలికే వెళ్లను. హుక్స్ (పుష్ లాంటివి జరిగినప్పుడు సర్వర్‌లో నడిచే స్క్రిప్ట్‌లు), కాన్ఫిగ్ ఫైళ్లు మిర్రర్‌లోకి రావు, అవి విడిగా కాపీ అవుతాయి. మిగిలిన ఒక్క పాత సబ్‌వర్షన్ (గిట్ లాంటిదే ఇంకో సిస్టమ్) రిపోజిటరీకి ఎస్‌వీఎన్ అడ్మిన్ హాట్‌కాపీ అనే కమాండ్ ఉంది. కమిట్లు పడుతున్నా అది సరైన కాపీనే ఇస్తుంది.

చివరగా ఒక ఖాళీ మెషీన్‌లో బండిల్ నుంచి క్లోన్ చేసి బిల్డ్ నడిపాను. బొమ్మల దగ్గర ఫెయిలైంది. తెరిచి చూస్తే బొమ్మ ఉండాల్సిన ఫైల్‌లో మూడు లైన్ల టెక్స్ట్ ఉంది, అది ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లని గిట్ బయట విడిగా దాచే పద్ధతి) పాయింటర్, అంటే అసలు ఫైల్‌కి గుర్తు మాత్రమే. అసలు ఫైళ్లు బండిల్‌లోకి రావు. మిర్రర్‌లో ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్ కూడా చేర్చి, ఆ ఫైళ్లనూ బ్యాకప్‌లో కలిపాను. మర్నాడు అదే ఖాళీ మెషీన్‌లో బిల్డ్ చివరిదాకా వెళ్లింది.