కజిన్ దీవి పిట్టలకు తిరిగి రానిది

నా చిన్నతనంలో మా ఊరికి కొక్కెర తెగులు వచ్చిన ఏడాది పెరటి కోళ్లన్నీ చనిపోగా, మిగిలిన రెండు పెట్టల గుడ్లనే మా నాయనమ్మ పొదగేయడానికి దాచిపెట్టింది. ఒకే గింజలు తిని, ఒకే గంప కింద పడుకున్న కోళ్లలో కొన్ని మాత్రమే ఎందుకు బతుకుతాయన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్ల తరువాత హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవి దాకా తీసుకువెళ్లింది.

సీషెల్స్‌లోని కజిన్ దీవి వైశాల్యం సుమారు 29 హెక్టార్లు. కొబ్బరి తోటల కోసం సహజమైన అడవిని నరికివేయడంతో, 1960ల నాటికి సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క దీవిలోనే, అదీ 30కి లోపు సంఖ్యలో మిగిలింది. 1968లో అంతర్జాతీయ పక్షి సంరక్షణ మండలి దీవిని కొని అడవిని తిరిగి పెరగనిచ్చిన తరువాత, 1980ల ఆరంభానికి ఆ పిట్టలు 300 దాటాయి. ఈ సంఖ్య నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే పిట్టలు పెరిగినంత మాత్రాన వాటి జన్యువులలోని వైవిధ్యం పెరగదు.

రోగనిరోధక వ్యవస్థ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యమైనది. ఎంహెచ్‌సీ అనే జన్యువుల సముదాయం తయారుచేసే ప్రోటీన్లు, కణంలోకి చొరబడిన సూక్ష్మజీవి తునకలను పట్టుకుని కణం ఉపరితలం మీద టీ కణాలు అనే తెల్ల రక్తకణాలకు చూపిస్తాయి. ఆ తునకను గుర్తించినప్పుడే టీ కణాలు దాడికి దిగుతాయి. ఒక్కొక్క రూపంలోని ప్రోటీన్ కొన్ని రకాల తునకలనే పట్టుకోగలదు కనుక, ఎక్కువ రూపాలున్న పిట్ట ఎక్కువ రకాల రోగకారకాలను గుర్తించగలదు. కజిన్ పిట్టలలో ఇటువంటి రూపాలు కొద్దిగానే మిగిలాయి.

ఆ మిగిలినవాటి విలువను పరిశోధకులు దశాబ్దాల పాటు ఓపికగా కొలిచారు. పిట్టలు దీవిని దాదాపుగా విడిచిపోవు కాబట్టి, కాళ్లకు రంగు కడియాలు తొడిగి, కొద్దిపాటి రక్తం తీసుకుని, ఒక్కొక్కదాని జీవితాన్ని చివరిదాకా గమనించడం అక్కడ సాధ్యమైంది. ఎంహెచ్‌సీ వైవిధ్యం ఎక్కువగా ఉన్న పిల్లలు ఎక్కువగా బతుకుతున్నాయనీ, ఏఎస్ఈ-యూఏ4 అని పేరు పెట్టిన ఒక్క రూపం ఉన్న పిట్టల మనుగడ మిగిలినవాటి కంటే మెరుగ్గా ఉందనీ 2010లో వెలువడిన అధ్యయనం చూపింది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఆడపిట్టల ప్రవర్తన. ఇవి ఏళ్ల తరబడి ఒకే జోడీతో కలిసి ఉంటాయి, అయినా పిల్లలలో సుమారు 40 శాతానికి తండ్రి ఆ గూటి మగపిట్ట కాదు. జోడీ మగపిట్టకు ఎంహెచ్‌సీ వైవిధ్యం తక్కువగా ఉన్నప్పుడే ఆడపిట్ట వేరే మగపిట్టతో పిల్లను కనడం ఎక్కువగా కనిపించింది. ఆ వేరే మగపిట్టకు వైవిధ్యం జోడీ కంటే ఎక్కువగా ఉంది. ఆ తేడాను అది ఎలా పసిగడుతుందో గాని, తన పిల్లకు అందే నిరోధక శక్తిని మాత్రం ఆ విధంగా పెంచుకుంటోంది.

అయితే ఉన్న రూపాలను పంచుకోవడమే తప్ప, పోయినవాటిని ఆడపిట్ట తేలేదు. అందుకే పిట్టలను కొత్త దీవులకు తరలించినప్పుడు ఎన్నిటిని పట్టుకువెళ్లారన్నది నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. 1988లో ఆరిడ్‌కూ, 1990లో కజీన్ అనే వేరే దీవికీ 29 చొప్పున, 2004లో డెనిస్‌కు 58, 2011లో ఫ్రెగేట్‌కు 59 తీసుకువెళ్లారు. 29తో మొదలైన దీవులలో జన్యు వైవిధ్యం కొంత తగ్గగా, తరువాతి రెండింటిలో అది బాగా నిలిచింది. ఇటువంటి తరలింపులలో మరో 30 పిట్టలను పట్టడానికయ్యే శ్రమకు ఎవరూ వెనుకాడకూడదని నా అభిప్రాయం.

1876 నుంచి 1940 వరకు సేకరించి మ్యూజియంలలో భద్రపరచిన ఈ పిట్టల నమూనాల నుంచి డీఎన్ఏను తీసి, నేటి పిట్టలతో పోల్చి చూశారు. సంతానోత్పత్తిలో పాలుపంచుకునే పిట్టల లెక్కలో ఒకప్పుడు కొన్ని వేలుగా ఉన్న జాతి 50 కంటే తక్కువకు కుంచించుకుపోయిందని ఆ పోలికలో తేలింది. నేడు ఐదు దీవులలో ఎగురుతున్న పిట్టలన్నీ ఆ కొద్దిపాటి పిట్టల సంతానమే. ఆ పాత నమూనాలలో కనిపించే వైవిధ్యంలో కొంత భాగం వాటిలో ఒక్కదానిలోనూ లేదు.